మంచి జింక ట్యాగ్ కోసం ఎన్నేళ్లు ఆగొచ్చు? అన్నయ్య కోసం నేను వేసే లెక్క

మా అన్నయ్య అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉంటాడు, నేను బెంగళూరు మారతహళ్లిలో. తనకు వేట పిచ్చి, నాకు ఎక్సెల్ పిచ్చి. ఏటా మార్చి రాగానే ఫోన్ చేసి, "ఏమ్మా, ఈసారి ఉన్న పాయింట్లు పెట్టేద్దామా, ఇంకా ఆగుదామా?" అంటాడు. మొదట్లో తన ఒక్కడికే చూసేదాన్ని. ఇప్పుడు తన స్నేహితులు, వాళ్ల బావమరుదులు కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయం కదా అని ఇది.

ముందే చెప్పేస్తున్నా, నేను తుపాకీ ముట్టుకున్నది లేదు. ఇక్కడైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడడం జైలుకు పోయే నేరం. మా అమ్మకు ఇప్పటికీ ఈ వ్యవహారం మింగుడు పడదు. "ఇక్కడ సల్మాన్ ఖాన్‌నే కోర్టుల చుట్టూ తిప్పారు, వీడికి అక్కడ ప్రభుత్వమే కాగితమిచ్చి పంపుతుందా?" అంటుంది. అవును, పంపుతుంది. రాష్ట్రంలోని వన్యప్రాణి శాఖ మందలను లెక్కగట్టి, ఫలానా యూనిట్‌లో, అంటే వేట కోసం విడగొట్టిన ప్రాంతంలో, ఫలానా వారం ఇన్ని జింకల్ని కొట్టొచ్చని లైసెన్సులు ఇస్తుంది. ఆ లైసెన్సే ట్యాగ్. కొలరాడోలో 1999 నుంచి జింక ట్యాగులన్నీ పరిమితమే, డ్రాకు అప్లై చేయాల్సిందే. మొదటి ఛాయిస్‌గా అడిగింది రాకపోతే ఒక పాయింట్ జమవుతుంది. మరుసటి ఏడు ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు ముందు ఇస్తారు. వచ్చిన రోజు పాయింట్లన్నీ సున్నా.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఓపిక పడితే మన వంతు వస్తుంది అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఈ ఏడు ఒక యూనిట్‌కు 7 పాయింట్లు సరిపోయాయంటే, మీకు 7 వచ్చేసరికి అక్కడ 9 అడుగుతుంది. మీతోపాటు వెనకున్నవాళ్లూ, ముందున్నవాళ్లూ పోగేసుకుంటూనే ఉంటారు, ట్యాగులు మాత్రం పెరగవు. హెచ్‌1బీ మీద ఉండి ప్రయారిటీ డేట్ కోసం వీసా బులెటిన్ చూసినవాళ్లకు ఇంతకుమించి చెప్పక్కర్లేదు. కాకపోతే గ్రీన్‌కార్డ్ క్యూ వదిలేస్తే నష్టం. ఈ క్యూలో మధ్యలో దిగిపోవడమే చాలామందికి లాభం. నేను ఈ లెక్కలు చూశాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

"నాకు ఎన్ని పాయింట్లున్నాయి" అన్నది అసలు ప్రశ్న కాదు. "నాకూ, ట్యాగ్ రావడానికి సరిపడే పాయింట్ల గీతకూ మధ్య దూరం ఏడాదికి ఎంత తగ్గుతోంది" అన్నది ప్రశ్న. దానికి కావలసిన సమాచారమంతా శాఖవాళ్లు ఏటా పెట్టే డ్రా రిపోర్టులోనే ఉంటుంది. పీడీఎఫ్ తెరిస్తే కళ్లు తిరుగుతాయి కానీ, చూడాల్సింది ఒక్క ట్యాగ్ కోడే. ఉదాహరణకు డీ-ఎం-044-ఓ3-ఆర్. డీ అంటే డీర్, ఎం అంటే మగది, 044 యూనిట్ నంబరు, ఓ3 మూడో సీజన్, ఆర్ రైఫిల్. ఆ కోడ్ కింద ఎన్ని పాయింట్లున్నవాళ్లు ఎంతమంది అడిగారు, ఎంతమందికి వచ్చింది అని వరసలుంటాయి. పైనుంచి కిందికి వస్తుంటే ఒకచోట అడిగినవాళ్లందరికీ రావడం ఆగిపోయి, కొందరికే వస్తుంది. అదే గీత. రాష్ట్రంలో ఉండేవాళ్ల వరస వేరు, బయటివాళ్ల వరస వేరు. తెలియక పక్క వరస చూసుకుని సంబరపడేవాళ్లు నాకు ప్రతి ఏడూ ఒకరు తగులుతారు.

ఇప్పుడు మూడేళ్ల కిందటి రిపోర్టు కూడా తెరవండి. అప్పుడు గీత 7 దగ్గర ఉంది, ఇప్పుడు 9 దగ్గర ఉంది అనుకుందాం. మీ దగ్గర 4 ఉన్నాయి. తేడా 5 కాబట్టి ఐదేళ్లలో వచ్చేస్తుందని మనసు చెబుతుంది. కానీ గీత మూడేళ్లలో రెండు మెట్లు ఎక్కింది, అంటే ఏడాదికి మూడింట రెండు వంతులు. మీరు ఏడాదికి ఒక మెట్టు ఎక్కుతారు. మిగిలేది మూడింట ఒక వంతు. 5 దాటడానికి 15 ఏళ్లు. అన్నయ్యకు ఈ లెక్క చెప్పినప్పుడు ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకప్పటికి యాభై ఆరమ్మా" అన్నాడు. గీత ఏడాదికి ఒక పూర్తి మెట్టు ఎక్కుతుంటే ఇక లెక్కే అక్కర్లేదు, ఎప్పటికీ అందదు.

ఇంకో రకంగా కూడా సరిచూసుకోండి. మీకంటే ఎక్కువ పాయింట్లతో ఆ కోడ్ అడిగినవాళ్లందరినీ కూడి, ఏటా ఇచ్చే ట్యాగులతో భాగించండి. ముందు 600 మంది ఉండి ఏటా 50 ట్యాగులే ఇస్తుంటే కనీసం పన్నెండేళ్లు. కనీసం అని ఎందుకంటున్నానంటే, ఆ ఏడాదికి వేట వద్దనుకుని పాయింట్ మాత్రమే కొనుక్కునేవాళ్లకు వేరే కోడ్ ఉంటుంది, డీ-పీ-999-99-పీ అని. ఇరవై పాయింట్లు జేబులో పెట్టుకుని అక్కడ కూర్చున్నవాళ్లు మీ యూనిట్ వరసలో కనపడరు. ఏదో ఒక ఏడు లేచి వచ్చి మీ ముందు నిలబడతారు. రెండు లెక్కలూ వేసి, ఎక్కువ ఏళ్లు చూపించినదాన్నే నమ్మండి.

అంకెలు అయ్యాక కాగితంలో కనపడని వాటికి రండి. మొదటిది మంద. 2022-23 చలికాలంలో కొలరాడో వాయవ్య భాగంలోనూ, పశ్చిమ వయోమింగ్‌లోనూ మంచు విపరీతంగా పడి మ్యూల్ డీర్ అనే రకం జింకలు చాలా చనిపోయాయి. మరుసటి సీజన్‌కు ట్యాగులు కోసేశారు. ఆ వైపు యూనిట్ల కోసం ఏళ్లుగా పాయింట్లు కూడబెట్టినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. గీత పైకి పోయింది, అడవిలో పెద్ద మగ జింకలు తగ్గాయి. మీరు ఆగినంత కాలం అడవి కూడా ఇలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు.

రెండోది మోకాళ్లు. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో వాలు ఎక్కి, జింక పడ్డాక మాంసం కోసి మూటలు కట్టుకుని వీపున మోసుకుంటూ దిగాలి. అన్నయ్య ఒకసారి ఆ మూట తగిలించుకుని వీడియో కాల్ చేశాడు. భుజాల పట్టీలు జాకెట్‌లోకి దిగిపోయి ఉన్నాయి. రెండడుగులు వేసి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ రెండడుగులు. బరువంతా ముందు మోకాలి మీద పడకుండా కర్రను వాలుకు కింది వైపు పొడిచి దిగుతున్నాడు. అప్పటికి తనకింకా నలభై దాటలేదు. అందుకే నా షీట్‌లో పాయింట్ల పక్కన వయసు కాలమ్ కూడా ఉంటుంది. మిగతా కాలమ్‌ల మీద వాదిస్తారు గానీ దాని మీద ఎవరూ వాదించరు.

ఇక అసలు మీకేం కావాలి? అడిగితే అందరూ "పెద్ద బక్" (మగ జింక) అనే అంటారు. కాస్త గుచ్చి అడిగితే ఒకరికి ఫ్రీజర్ నిండా మాంసం కావాలి, ఒకరికి పిల్లల్ని తీసుకెళ్లి గుడారం వేయడం కావాలి, ఒకరికి గోడ మీద కొమ్ములు కావాలి. ఆగాల్సిన అవసరం నిజంగా ఉన్నది ఆ మూడో ఆయనకు ఒక్కడికే. మాంసం కావాలంటే ఆడ జింక ట్యాగులు చాలా యూనిట్లలో పాయింట్లు లేకుండానే దొరుకుతాయి. పిల్లలతో వెళ్లాలంటే ఈ ఏడే వెళ్లాలి, పదేళ్లాగితే వాళ్లు కాలేజీలో ఉంటారు.

పెద్ద బక్కే కావాలన్నా, అదే కొండ మీద సీజన్ మార్చి అడగొచ్చు. నవంబరు మధ్యలో వచ్చే నాలుగో రైఫిల్ సీజన్‌లో మంచుకు జింకలు కిందికి దిగుతాయి, మగవి ఆడవాటి వెంట పడి ఒళ్లు మరిచి తిరుగుతాయి. అందుకే దానికి ట్యాగులు తక్కువ, పాయింట్లు ఎక్కువ. అదే యూనిట్‌లో అక్టోబరు చివర మొదలయ్యే రెండో సీజన్ చాలా తక్కువ పాయింట్లకే వస్తుంది. మంద అదే, కష్టం ఎక్కువ. ఏటా వెళ్లి కొండ నేర్చుకున్నవాడికి రెండో సీజన్‌లో కూడా మంచి జింక తగులుతుంది. పదిహేనేళ్లు ఇంట్లో కూర్చుని మొదటిసారి ఆ యూనిట్‌కు వెళ్లినవాడు నాలుగో సీజన్‌లో కూడా ఖాళీ చేతులతో రావచ్చు. దీనికి నా దగ్గర షీట్ లేదు, అన్నయ్య మాటే సాక్ష్యం.

కొలరాడోలో ఇన్నాళ్లూ ఇంకో వెసులుబాటు ఉంది. పాయింట్లు పోయేది మొదటి ఛాయిస్ వచ్చినప్పుడే. అందుకని మొదటి ఛాయిస్‌లో పాయింట్ కోడ్ పెట్టి, రెండో ఛాయిస్‌లో తేలికగా దొరికే ట్యాగ్ అడుగుతారు. వేటకు వెళ్లినట్టూ ఉంటుంది, పాయింట్ పెరిగినట్టూ ఉంటుంది. ఇలాంటి రూల్స్ మీద శాఖవాళ్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ ఏటి బ్రోచర్ చదివాకే నింపండి. నిరుటి స్క్రీన్‌షాట్ చూసి నింపొద్దు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు నా లెక్క యథాతథంగా పనికిరాదు. నెవాడాలో పాయింట్లను వర్గం చేసి లాటరీ చీట్లుగా వేస్తారు, కాబట్టి తక్కువ పాయింట్లవాడికి కూడా అవకాశం సున్నా కాదు. అరిజోనాలో అందరికంటే ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు పక్కన పెట్టేది 20 శాతమే. న్యూ మెక్సికో, ఐడహోల్లో అసలు పాయింట్లే లేవు, అంతా అదృష్టం. మా అన్నయ్య ఐడహోలో ఏటా ఒక దరఖాస్తు పడేస్తాడు. వస్తే వచ్చింది.

మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నలుగురు స్నేహితులు కలిసి గ్రూపుగా అప్లై చేస్తే కొలరాడోలో అందరిలోకీ తక్కువ పాయింట్లున్నవాడి లెక్కే గ్రూపు లెక్క. వయోమింగ్‌లో సగటు తీస్తారు. కొత్తగా చేరిన బావగారిని మొహమాటానికి కలుపుకుంటే మీ ఎనిమిది పాయింట్లు సున్నాగా నడుస్తాయి. వేరేగా అప్లై చేసి, ట్యాగ్ వచ్చినవాడికి మిగతావాళ్లు మోత సాయం వెళ్లడం మేలు. హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. అప్పు తీసుకున్న తుపాకీకి కూడా ఇదే వర్తిస్తుంది కాబట్టి లాయర్ని ఒక మాట అడిగి అడుగేయండి. ఉద్యోగం రీత్యా రాష్ట్రం మారే అవకాశం ఉంటే అసలు ఎక్కువ ఏళ్లు ఆగకండి. కొలరాడోలో పాయింట్లు మీతోనే ఉంటాయి గానీ, బయటివాళ్ల వరసలోకి వెళ్లిపడతారు. అక్కడ గీత ఇంకా పైన.

మరి ఎవరు ఆగాలి? నా లెక్కలో మూడేళ్లలోపు వస్తుందని తేలినవాళ్లు ఆగొచ్చు. ఏడేళ్లు దాటితే నేను నిర్మొహమాటంగా పెట్టేయమంటాను. మధ్యలో ఉన్నవాళ్లు, రెండో ఛాయిస్‌తో ఏటా ఎక్కడో ఒకచోట వేటకు వెళ్తూనే ఉంటే ఆగండి, ఊరికే ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఆగకండి. ఇప్పటికే ఇరవై దాటి పోగేసి, గీతకు ఒకటి రెండు దూరంలో ఉన్నవాళ్లు మాత్రం నా మాట విని చిన్న ట్యాగ్‌కు తగలేయకండి. అన్నయ్య తన పాయింట్లు పోయినేడు ఒక మధ్యరకం యూనిట్ మూడో సీజన్‌కు పెట్టేశాడు. ఇప్పుడు మళ్లీ సున్నా. ఫోన్‌లో ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతులో బాధేమీ వినపడలేదు.

అప్లై చేసేముందు హంటర్ ఎడ్యుకేషన్ కార్డ్, అంటే వేట శిక్షణ పూర్తి చేసినట్టు ఇచ్చే కార్డ్, తీసి పెట్టుకోండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అది తప్పనిసరి. మీ యూనిట్‌లో ఆ ఏడు సీడబ్ల్యూడీ అనే జింకల రోగానికి పరీక్ష తప్పనిసరి చేశారేమో కూడా చూడండి. చేస్తే తల తీసుకెళ్లి ఇవ్వాలి, రోగం ఉందని తేలితే మాంసం తినొద్దంటారు. గడువు మామూలుగా ఏప్రిల్ మొదటి మంగళవారం అక్కడి రాత్రి 8 గంటలకు. మాకిక్కడ బుధవారం పొద్దున ఏడున్నర, పిల్లల స్కూల్ బస్ టైమ్. కాబట్టి ఆఖరి గంటలో నాకు మెసేజ్ పెట్టినవాళ్లకు జవాబు రాదు. సైట్‌లో మీ క్రెడిట్ కార్డ్ గడువు జూన్ దాకా ఉందో లేదో కూడా ఆ ముందు రోజే చూసుకోండి. డ్రాలో పేరొచ్చాక డబ్బు కట్ కాకపోతే ట్యాగ్ చేజారిపోవచ్చు.