నాసిరకం రోడ్డా? చెయ్యి ఎత్తకండి, అర్జీ పెట్టండి

కొత్త సీసీ రోడ్డు ఆరు నెలలకే పెచ్చులూడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఆ కోపంలో విధుల్లో ఉన్న ఇంజినీరు మీద చెయ్యి వేశారంటే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇక ఊరంతా మీ కేసు గురించే మాట్లాడుతుంది, రోడ్డు సంగతి మరుగున పడుతుంది. అదే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక కాగితం పెడితే జవాబు చెప్పాల్సింది ఆఫీసే.

పని చేయించిన శాఖ పౌర సమాచార అధికారి పేరిట రాయండి. అర్జీ వేరే ఆఫీసుకు వెళ్లినా ఈ చట్టం సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు.

ఎక్కువ అర్జీలు దెబ్బతినేది ప్రశ్న దగ్గరే. “ఇంత నాసిరకంగా ఎందుకు వేశారు?” అంటే, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. చట్టం ఇప్పించేది రికార్డును, సంజాయిషీని కాదు. అందుకే పని పేరు, ఏడాది రాసి, ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు ధ్రువీకరించిన నకళ్లుగా అడగండి. తిట్లు, ఆరోపణలు ఒక్క ముక్క కూడా వద్దు. అవి అర్జీని పలుచన చేస్తాయి. 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. వీటిని తప్పకుండా వాడుకోవాలి.

ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదని 6(2) అంటోంది. బెదిరింపుల భయం ఉంటే నలుగురైదుగురు విడివిడిగా అదే సమాచారం అడగండి. అప్పుడు ఒక్కరినే లక్ష్యం చేసుకోవడం కష్టం.

మీ దగ్గరుండే ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. గడువు 30 రోజులు. అది దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేస్తుంది.

నకళ్లు చేతికొచ్చాక రోడ్డు విరిగిన అంచు దగ్గర టేపు పెట్టి మందం కొలవండి. ఎం-బుక్‌లో 150 మిల్లీమీటర్లని రాసి, అక్కడ 90 తేలితే, ఫొటోలు, ఆ పేజీ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.