రిషికేశ్‌లో గంగలో దిగే ముందు

ముందుగా ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. మనకింకా ఆషాఢ బహుళం నడుస్తుండగానే అక్కడ శ్రావణం వచ్చేస్తుంది, వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది కదా. ఆ రోజుల్లో నీలకంఠ్ మహాదేవ్ గుడికి కావడులతో వెళ్లే భక్తులతో ఊరు కిక్కిరిసిపోతుంది, బండి కదలదు. పైగా వానాకాలపు గంగ బురదరంగులో ఉరవడిగా ఉంటుంది.

నీళ్ల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఇది రాజమండ్రి గోదావరి కాదు. మే నెల ఎండలో కూడా పాదం పెట్టగానే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. త్రివేణీ ఘాట్‌లో పట్టుకోవడానికి కట్టిన గొలుసు వదలకుండా మునగండి. అమ్మానాన్నలు వెంట ఉంటే మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో పోయండి, పుణ్యం ఏమీ తగ్గదు. పైన టెహ్రీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. ఇసుక మీద బ్యాగులు పెట్టి ఫొటోల్లో మునిగిపోవద్దు.

– కోతులు. చేతిలో అరటిపండు కనిపించకూడదు, అంతే.

– ఊళ్లో మాంసం, మద్యం నిషేధం. వెతకడం దండగ.

– గంగ మీది వేలాడే వంతెన లక్ష్మణ్ ఝూలాను 2020లోనే మూసేశారు. కాలినడకన దాటాలంటే రామ్ ఝూలా, జానకీ సేతు ఉన్నాయి. రామ్ ఝూలా దాటితే జిల్లా కూడా మారిపోతుంది: ఇటు టెహ్రీ గఢ్వాల్, అటు పౌడీ.

– రిషికేశ్‌లో తితిదే ఆంధ్రాశ్రమం ఉంది. గది ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.