డిస్‌ప్లేస్‌మెంట్‌ని తెలుగు చేసే ముందు

అనువాదాల పనిలోకి వచ్చిన కొత్తలో ఒక మోటార్‌సైకిల్ మాన్యువల్ తెలుగు చేస్తూ "ఇంజిన్ స్థానభ్రంశం: 97.2 సీసీ" అని రాశాను. నిఘంటువులో డిస్‌ప్లేస్‌మెంట్‌కి అదే ఉంది మరి. ప్రూఫు చదివిన మెకానిక్ ఫోన్ చేసి "ఇంజిన్ ఎక్కడికి జరిగిందండీ?" అని అడిగాడు.

అప్పటినుంచి ఈ మాట కనబడితే ముందు పక్కనున్న అంకె యూనిట్ చూస్తాను. తర్వాత ఒకటే ప్రశ్న: ఇక్కడ ఏదో ఉన్నచోటి నుంచి జరిగిందా, లేక ఒకటి వచ్చి ఇంకొకదాన్ని తోసేసిందా? సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మీటర్లు కనిపిస్తే చాలాసార్లు అది భౌతికశాస్త్రం. చోటు మారిన సంగతి. బయల్దేరిన చోటి నుంచి ఆగిన చోటికి గీసిన సరళరేఖ, దిశతో సహా. తూర్పుకి 3 మీటర్లు, అక్కణ్ణుంచి ఉత్తరానికి 4 మీటర్లు నడిస్తే దూరం 7, స్థానభ్రంశం ఈశాన్యం వైపుగా 5. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక చుట్టు పూర్తిగా పరిగెత్తినవాడికి ఆయాసం మిగులుతుంది, స్థానభ్రంశం సున్నా. ఇక్కడ పాఠ్యపుస్తకం మాటే వాడండి, దిశ మాత్రం వదలకండి. భూకంపాల దగ్గర మీటర్లే ఉన్నా జాగ్రత్త. భూగర్భశాస్త్రంలో నేల చీలి పక్కకి జరిగిన ఆ పగులునే భ్రంశం అంటారు. "భ్రంశం వెంట స్థానభ్రంశం" అని రాస్తే చదివేవాడికి తల తిరుగుతుంది. "పగులు వెంట నేల 2 మీటర్లు జరిగింది" అంటే చాలు.

సీసీలు, లీటర్లు ఉంటే ఇంజిన్. ఇక్కడ తోసేది పిస్టన్. నా మాన్యువల్ లెక్కే చూడండి: సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పై చివర నుంచి కింది చివరకి కదిలే దూరం 49.5. అడ్డుకోత వైశాల్యం సుమారు 19.63 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 4.95తో గుణిస్తే 97.2. పిస్టన్ పైకంటా వెళ్లాక తలపై మిగిలే కాస్త ఖాళీ ఈ లెక్కలోకి రాదు. సిలిండర్లు ఎక్కువుంటే వాటి సంఖ్యతో గుణించాలి. తెలుగులో ఏమనాలి? "ఇంజిన్ సామర్థ్యం" అనొచ్చు. నేనైతే "97.2 సీసీ ఇంజిన్" అని ఊరుకుంటాను.

టన్నులు ఉంటే ఓడ. ఓడ నీటిని పక్కకి తోస్తుంది, అలా తోసిన నీటి బరువు ఓడ బరువుతో సమానం. ఇది ఆర్కిమెడిస్ చెప్పిందే. కానీ ఓడల కాగితాల్లో ఇంకో టన్ను కూడా తగులుతుంది, అది నన్ను రెండుసార్లు ముంచింది. టైటానిక్‌నే తీసుకోండి: 46,328 టన్నులని ఒకచోట, దాదాపు 52,000 టన్నులని ఇంకోచోట ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది గ్రాస్ రిజిస్టర్ టన్నేజీ, అంటే లోపలి చోటు కొలత. ఆ లెక్కలో ఒక టన్నంటే 100 ఘనపుటడుగులు, బరువు కాదు. రెండోది తోసిన నీటి బరువు. "ఓడ తోసే నీటి బరువు" అని విడమర్చి రాయడమే మేలు.

యూనిట్ లేకపోతే సందర్భమే దిక్కు. నీలి కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తే ఇనుము రాగిని బయటికి తోసి దాని చోట్లో కూర్చుంటుంది. నీలం వెలుస్తుంది, మేకుకి ఎర్రటి పూత పడుతుంది. దీనికి పాఠాల్లో "రసాయన స్థానభ్రంశం", రెండు పదార్థాలు భాగాలు మార్చుకుంటే "ద్వంద్వ వియోగం" అని స్థిరపడిపోయాయి. సొంత పదాలు పుట్టించకండి.

మనస్తత్వశాస్త్రంలో ఫ్రాయిడ్ వాడిన డిస్‌ప్లేస్‌మెంట్‌కి మనకి సామెతే ఉంది: అత్త మీద కోపం దుత్త మీద. జంతువుల ప్రవర్తన గురించైతే అది వేరు. కొట్లాట మధ్యలో పుంజులు ఉన్నట్టుండి గింజలు ఏరుకుంటున్నట్టు నేలను పొడుస్తాయి. టిన్‌బెర్గెన్ లాంటి జంతుప్రవర్తన శాస్త్రవేత్తలు శ్రద్ధగా గమనించిన సంగతి. ఇక్కడ కోపం ఎవరి మీదకీ మళ్లలేదు, సంబంధంలేని పని మధ్యలో దూరింది. అక్కడ సామెత పెడితే తప్పు. భాషాశాస్త్రంలో హాకెట్ చెప్పింది మరొకటి: ఎదురుగా లేనివాటి గురించి, నిన్నటి గురించి మాట్లాడగలగడం.

మనుషుల విషయంలో "స్థానభ్రంశం చెందిన ప్రజలు" అని చదివితే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు జరగలేదు, వాళ్లని తోసేశారు. "నిర్వాసితులు" అనే మాట చక్కగా ఉంది. సరిహద్దు దాటారా అని మాత్రం చూసుకోండి. దేశం లోపలే ఉంటే అంతర్గత నిర్వాసితులు. శరణార్థులు అనడానికి 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దేశం దాటి ఉండాలి, హింసిస్తారన్న భయానికి ఆధారం ఉండాలి.

నా ప్రశ్న పని చేయని చోటు ఒకటుంది, భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ చెప్పిన డిస్‌ప్లేస్‌మెంట్ కరెంటు. యూనిట్ ఆంపియర్. విద్యుదావేశాన్ని దాచుకునే కెపాసిటర్‌లో రెండు పలకల మధ్య శూన్యం ఉన్నా సరే, విద్యుత్ క్షేత్రం మారుతున్నంతసేపూ అది ఉంటుంది. జరిగేదీ లేదు, తోసేదీ లేదు. అక్కడ పదాన్ని కదపకుండా కింద ఒక వాక్యం చేరుస్తాను: "పలకల మధ్య విద్యుదావేశం ఏదీ దాటడం లేదు, విద్యుత్ క్షేత్రం మారుతోంది."