మన సైటు మనమే దిద్దుకుందాం – 2వ పాఠం: ఏ ఎడిటర్ తీసుకోవాలి?

పోయిన పాఠంలో ఒక చిన్న పని చెప్పాను. వచ్చే ఆరు నెలల్లో మీ సైటులో ఏమేం మార్చాల్సి వస్తుందో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. అందులో చాలావరకు ఇలాంటివే ఉంటాయి: ఫోన్ నంబరు మారింది, కొత్త ఫొటో పెట్టాలి, ధర సవరించాలి, సెలవు సంగతి రాయాలి, పాత ప్రకటన తీసేయాలి. కొత్త పేజీ అవసరం ఎప్పుడో గానీ పడదు. డిజైన్ మొత్తం మార్చడం ఇంకా అరుదు.

అయినా ఎడిటర్, అంటే సైటులోని రాతలూ ఫొటోలూ మార్చుకునే సాఫ్ట్‌వేర్, ఎంచుకునేటప్పుడు అందరి కళ్లూ డిజైన్ మీదే. డెమో వీడియోలో ఎవరో ఫొటోలు అటూ ఇటూ లాగి నిమిషాల్లో సైటు తయారు చేసేస్తారు, మనం ముచ్చటపడి డబ్బు కట్టేస్తాం. ఆ వీడియోలో ఉన్నది మొదటి రోజు ముచ్చట. మూడో నెలలో, సవాలక్ష పనుల మధ్య, పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని లాగిన్ అయ్యి, ఒక్క నంబరు మార్చి బయటపడగలమా అన్నదే అసలు పరీక్ష. ఈ పాఠంలో ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ దీంతోనే కొలుద్దాం.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

మీరు హోస్టింగ్, అంటే సైటు ఉండడానికి సర్వర్‌లో చోటు, ఇప్పటికే కొనేశారు. విక్స్, స్క్వేర్‌స్పేస్ లాంటివి ఎడిటర్‌నీ హోస్టింగ్‌నీ కలిపే అమ్ముతాయి. విక్స్‌లో తయారైన సైటు విక్స్ సర్వర్లలోనే ఉండాలి, దాన్ని తెచ్చి మీ హోస్టింగ్‌లో పెట్టుకోవడం కుదరదు. అది తీసుకుంటే ఇప్పుడు కట్టిన హోస్టింగ్ డబ్బు దండగే. అవి చెడ్డవని అనడం లేదు, ఒకే పనికి రెండు చోట్ల డబ్బు కట్టకండి అంటున్నాను. వర్డ్‌ప్రెస్ దగ్గరా ఇదే తికమక ఉంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది హోస్టింగ్‌తో కలిపి ఇచ్చే సర్వీసు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికేది ఉచిత సాఫ్ట్‌వేర్, మన హోస్టింగ్‌లో వేసుకునేది. మనకు కావాల్సింది రెండోది.

మీ ముందున్న మూడు దారులు

మొదటిది, కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వేసుకుని పేజీ దిద్ది, ఆ ఫైలును సర్వర్‌కు ఎక్కించడం. ఒకప్పుడు ఫ్రంట్‌పేజ్‌తో ఇలాగే చేసేవాళ్లు, డ్రీమ్‌వీవర్‌తో ఇప్పటికీ చేస్తున్నారు. టెక్నికల్ కాని వాళ్లకు దీన్ని నేను సిఫారసు చేయను. ఫైలు మీ కంప్యూటర్లో ఒకటి, సర్వర్లో ఒకటి ఉంటుంది. ఇంకొకరు తమ కంప్యూటర్లో ఉన్న పాత ఫైలును దిద్ది ఎక్కించారంటే నిన్న మీరు చేసిన మార్పు మాయం. తప్పక ఈ దారే పట్టాల్సి వస్తే ఫైళ్లు ఎక్కించడానికి మామూలు ఎఫ్‌టీపీ పద్ధతి వాడకండి. అందులో పాస్‌వర్డ్ ఏ రక్షణా లేకుండా వెళ్తుంది. అదే పనిని రక్షణతో చేసే ఎస్ఎఫ్‌టీపీ అడగండి, దాని పోర్టు నంబరు సాధారణంగా 22.

రెండోది, హోస్టింగ్ కంపెనీయే కంట్రోల్ ప్యానెల్‌లో ఇచ్చే బిల్డర్, అంటే సైటు తయారు చేసుకునే సాధనం. సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే చాలా చోట్ల సైట్‌ప్యాడ్ లాంటి బిల్డర్ కనిపిస్తుంది. నాలుగైదు పేజీలుండి, ఏడాదికి రెండు మూడు సార్లే మారే సైటుకు ఇది చాలు.

మూడోది సీఎంఎస్, అంటే సైటు సర్వర్‌లోనే ఉంటుంది, మనం బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి దిద్దుతాం. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ ఈ కోవకే చెందుతాయి. సాఫ్టాక్యులస్ అనే ఇన్‌స్టాలర్ ఉన్న హోస్టింగ్‌లో కొన్ని క్లిక్కులతో ఇన్‌స్టాల్ అయిపోతాయి. డ్రూపల్ బలమైనదే గానీ ఈ పాఠం చదివేవాళ్లకు అంత బరువు అక్కర్లేదు. చాలామంది చివరికి వర్డ్‌ప్రెస్ దగ్గరే ఆగుతారు, నా మొగ్గూ అటే. కాకపోతే దానికి అప్‌డేట్ల బాధ్యత ఉంటుంది. చిన్న భద్రతా అప్‌డేట్లు 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి వాటంతట అవే పడుతున్నాయి, అదనపు సౌకర్యాల కోసం వేసుకునే ప్లగిన్లను మాత్రం మీరు కనిపెట్టుకుని ఉండాలి. అందుకే ప్లగిన్లు ఎంత తక్కువైతే అంత సుఖం.

ఫోన్ నంబరు పరీక్ష

ఇప్పుడు అసలు పని. ఏ ఎడిటర్ అయినా సరే, డెమో తెరిచి నంబరు మార్చండి. ఒకటి కాంటాక్ట్ పేజీలోది, రెండోది ప్రతి పేజీ అడుగున ఫుటర్‌లో ఉండేది.

వర్డ్‌ప్రెస్‌లో మొదటిది తేలిక. పేజెస్‌లోకి వెళ్లి, పేజీ తెరిచి, నంబరు మీద క్లిక్ చేసి, కొత్తది కొట్టి సేవ్ చేయడమే. కొన్ని వెర్షన్లలో ఆ బటన్ మీద అప్‌డేట్ అని ఉంటుంది. 2018 డిసెంబరులో 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చాక ప్రతి పేరా, ప్రతి ఫొటో విడివిడి బ్లాక్ అయింది కాబట్టి ఒకటి దిద్దితే పక్కది కదలదు. కావాలంటే బ్లాక్‌కు లాక్ కూడా వేయొచ్చు.

తిప్పలంతా ఫుటర్ దగ్గరే. పేజీ ఎంత వెతికినా ఆ నంబరు దొరకదు, ఎందుకంటే అది పేజీలో లేదు, సైటు మొత్తానికి రూపం ఇచ్చే థీమ్‌లో ఉంది. పాత తరహా థీమ్ అయితే సాధారణంగా అప్పియరెన్స్ కింద విడ్జెట్స్‌లో, బ్లాక్ థీమ్ అయితే అప్పియరెన్స్ కింద ఎడిటర్‌లో ఉంటుంది. ఇంకో మెలిక ఏంటంటే, సైటు చేసిచ్చినవాళ్లు మీకు ‘ఎడిటర్’ హోదాతో లాగిన్ ఇచ్చి ఉంటే అప్పియరెన్స్ మెనూయే కనిపించదు, అది అడ్మినిస్ట్రేటర్‌కే కనిపిస్తుంది. రోజువారీ పనికి ఎడిటర్ హోదాయే క్షేమం, పొరపాటున థీమ్ మార్చేసే ప్రమాదం ఉండదు. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ మాత్రం విడిగా మీ దగ్గరే ఉంచుకోండి.

డ్రాగ్ అండ్ డ్రాప్ అని ఘనంగా చెప్పుకునే కొన్ని బిల్డర్లలో ఈ పరీక్ష ఇంకోలా తన్నేస్తుంది. నంబరు మార్చబోతే పెట్టె కాస్త జరుగుతుంది. కంప్యూటర్లో బాగానే ఉంటుంది, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు ఫొటో మీదికి ఎక్కి కూర్చుంటాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! ఎక్కడంటే అక్కడికి లాగగలిగే స్వేచ్ఛ డిజైనర్‌కు వరమేమో గానీ, నంబరు మార్చుకునేవాళ్లకు టెన్షనే. మార్పు చేసిన వెంటనే ఫోన్‌లో కూడా తెరిచి చూడండి.

నంబరు గట్టెక్కాక ఫోన్‌తో తీసిన పెద్ద ఫొటో ఒకటి అలాగే ఎక్కించండి. దాన్ని తనే చిన్నది చేస్తుందా? వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోలను కుదించి వాడుతోంది. తర్వాత కావాలనే ఒక పేరా చెరిపి సేవ్ చేయండి, వెనక్కి తేగలరేమో చూడండి. వర్డ్‌ప్రెస్‌లో రివిజన్స్ అని ఉంటుంది, పాత రూపాలన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. పాత రూపం వెనక్కి తెచ్చే దారి లేని ఎడిటర్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

తెలుగు శీర్షికతో ఒక పేజీ కూడా చేసి, దాని లింకు కాపీ చేయండి. చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిదేసి అక్షరాలై కూర్చుంటుంది కాబట్టి లింకు చాంతాడంత అవుతుంది. ప్రచురించే ముందే ఆ చిరునామాను పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో మార్చుకునే వీలుందా అని చూడండి. వర్డ్‌ప్రెస్‌లో ఉంది.

బయటికి వచ్చే దారి

సాఫ్ట్‌వేర్లు చిరకాలం ఉండవు. యాపిల్ ఐవెబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైట్లు ఉండే మొబైల్‌మీ సర్వీసు 2012 జూన్ 30న మూతపడింది. సైట్లు తయారు చేసే అడోబీ మ్యూజ్‌కు కొత్త ఫీచర్లు ఆపేస్తున్నామని 2018లో ప్రకటించి, 2020లో సపోర్టు కూడా ముగించారు. కాబట్టి కొనే ముందే హోస్టింగ్ సపోర్టుకు ఒక్క ప్రశ్న రాయండి: “రేపు నేను వేరే హోస్టింగ్‌కు మారితే ఈ సైటు నాతో వస్తుందా, ఏ రూపంలో వస్తుంది?” జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ ఉంది గానీ, ఆ ఫైలులో రాతలే వస్తాయి, ఫొటోలు రావు. ఫొటోలతో సహా కావాలంటే ఫైళ్లూ, రాతలు దాగి ఉండే డేటాబేసూ రెండూ ఉన్న పూర్తి బ్యాకప్ తీసుకోవాలి.

ఈ వారం పని

వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అని ఒకటుంది. ఇన్‌స్టాల్ ఏమీ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే పూర్తి వర్డ్‌ప్రెస్ తెరుచుకుంటుంది, సేవ్ చేసుకోకుండా ట్యాబ్ మూసేస్తే అంతా చెరిగిపోతుంది. మీ హోస్టింగ్ బిల్డర్ డెమో ఒక ట్యాబ్‌లో, ఇది ఇంకో ట్యాబ్‌లో తెరిచి, మీ కాగితంలోని మొదటి మూడు పనులు రెండింట్లోనూ చేయండి. సైటును రోజూ చూసుకునేది మీరు కాకుండా ఇంకెవరైనా అయితే వాళ్ల చేతే చేయించండి, పక్కన కూర్చుని చెప్పకండి. ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ కాగితంతో పనుంది.