డాబా మీద హామ్ రేడియో – 4వ పాఠం: నాలుగు కాళ్ల యాంటెన్నా

మూడో పాఠం దాకా హామ్ రేడియో (సరదాగా నడుపుకునే సొంత రేడియో స్టేషన్) లైసెన్సు పరీక్ష గొడవే సరిపోయింది. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (చుక్కలూ గీతల సంకేత భాష) అక్కర్లేదు, ఆ గ్రేడుకు వీయూ3తోనూ జనరల్ గ్రేడుకు వీయూ2తోనూ మొదలయ్యే కాల్‌సైన్లు (స్టేషన్ గుర్తింపు పేర్లు) వస్తాయి. ఇదంతా చెప్పుకున్నాం. లైసెన్సు చేతికొచ్చేదాకా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కకూడదు గానీ, యాంటెన్నా చేసుకుంటే ఎవరూ కాదనరు.

హ్యాండీతో (చేతిలో పట్టే రేడియో సెట్టు) పాటు వచ్చే రబ్బరు యాంటెన్నా జేబులో ఇమడడానికి చేసినది, దూరానికి కాదు. 144–146 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. మన విశాఖలో మధురవాడకూ పెందుర్తికీ మధ్య సింహాచలం కొండలున్నాయి. అంత అడ్డం ఉంటే డాబా ఎత్తు చాలదు, రిపీటర్ (ఎత్తున ఉండి సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే స్టేషన్) కావాల్సిందే. దాని సంగతి తర్వాత. చుట్టూ అపార్టుమెంట్లే అడ్డమైతే మాత్రం వాట్లు పెంచడం కంటే యాంటెన్నాను నాలుగు మీటర్లు పైకెత్తడమే మేలు.

మనం చేసేది మధ్యలో ఒక నిలువు కడ్డీ, దాని కింద సాకెట్ నాలుగు మూలలకూ బోల్టులతో బిగించిన నాలుగు కాళ్లు, అన్నీ రాగి తీగే. కావలసినవి: ఒక ఎస్ఓ-239 సాకెట్ (చదరపు రేకు, నాలుగు మూలలా రంధ్రాలు ఉన్నది), దానికి సరిపోయే పీఎల్-259 ప్లగ్గు, 3 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు నాలుగు, 25 మి.మీ. పీవీసీ పైపు, ఒక హోస్ క్లిప్పు, 12 గేజి రాగి తీగ 3 మీటర్లు. తీగను మోటారు వైండింగ్ షాపుల్లో తూకానికి అమ్ముతారు, 150 గ్రాములు అడగండి. దాని మీద కనీకనపడని ఎనామిల్ పూత ఉంటుంది. టంకం పెట్టేచోట, బోల్టు బిగించేచోట రాగి మెరిసేదాకా ఎమరీ కాగితంతో గీకాలి. మొదటిసారి చేసేవాళ్లకు యాంటెన్నా పలకకపోతే ముందు అనుమానించాల్సింది ఈ పూతనే.

చుట్ట నుంచి విప్పిన తీగ వంకరగా, మెత్తగా ఉంటుంది. ఒక కొస వైసులో బిగించి, రెండో కొసను కటింగ్ ప్లేయరుతో పట్టి, తీగ కాస్త సాగేదాకా గట్టిగా లాగండి. వంకర పోతుంది, తీగా బిరుసెక్కుతుంది. ఇలా చేయకపోతే సముద్రపు గాలికి నెల తిరక్కుండా నిలువు కడ్డీ వాలిపోతుంది.

ఇక కొలతలు. 71.3ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే నిలువు కడ్డీ పొడవు మీటర్లలో వస్తుంది. 145కి 49.2 సెం.మీ. కానీ కోసేటప్పుడు 51 కోయండి, ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. కాళ్లు నాలుగూ కడ్డీ కంటే ఐదు శాతం పొడవు, అంటే బోల్టు మధ్య నుంచి కొస దాకా 51.6 సెం.మీ. బోల్టు పట్టే కొక్కెం కోసం మరో సెంటీమీటరున్నర కలిపి కోయాలి. కడ్డీని సాకెట్ నడిమి గొట్టంలో దించి టంకం వేయండి. 25 వాట్ల ఐరన్‌తో ఇది కాదు, 60 వాట్లదైనా ఉండాలి. వేడి చాలకపోతే టంకం పైపైన ఉండలా నిలబడుతుంది, నాలుగు రోజులకు ఊడిపోతుంది.

కాళ్లను అడ్డంగా చాపితే ఇంపీడెన్స్ (రేడియో సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి చేరుతుంది. కేబుల్ కూడా 50 ఓమ్‌లదే కావాలి. ఇంట్లో మిగిలిన డిష్ కేబుల్ 75 ఓమ్‌లది, ఆశపడొద్దు. ఆర్‌జీ-58 రకం కేబుల్ చవక, కానీ ఈ ఫ్రీక్వెన్సీలో 15 మీటర్ల ముక్కే సుమారు సగం శక్తిని తినేస్తుంది. అంత దూరం లాగాల్సివస్తే ఆర్‌జీ-213 కొనండి. అది బరువు కాబట్టి హ్యాండీకి నేరుగా తగిలించకుండా మధ్యలో సన్నటి తోక కేబుల్ పెట్టాలి. లేకపోతే హ్యాండీ సాకెట్టే విరుగుతుంది.

ప్లగ్గు వేశాక మల్టీమీటరు బజర్ పెట్టి చూడండి. నడిమి పిన్నుకూ బయటి కప్పుకూ మధ్య మోగకూడదు. పైపు పైకొసను హ్యాక్సాతో నాలుగు వైపులా 3 సెం.మీ. చీల్చి, కేబుల్‌ను లోపలి నుంచి లాగి, ప్లగ్గును అందులో కూర్చోబెట్టి హోస్ క్లిప్పు బిగించండి.

విశాఖలో అసలు పని ఇక్కడి నుంచే. ఉప్పుగాలి తగిలితే కేబుల్ లోపలి రాగి అల్లిక నల్లబడుతుంది, తేమ దాని వెంటే కిందికి పాకుతుంది. సాకెట్ మీదా, బోల్టుల మీదా సిలికాన్ పూయండి. వెనిగర్ వాసన వేసేది వద్దు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ రకం అడగండి. బయటికి కనిపించే అతుకుల మీద టేపు కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుల మీద జారినట్టు వాన నీళ్లు జారిపోవాలి. రాగి కాళ్ల పక్కన అల్యూమినియం ముక్కలు వాడితే ఆ అతుకు తొందరగా తినేసుకుంటుంది.

ట్యూనింగ్ ఆరుబయట, గోడకూ ఇనుప రెయిలింగుకూ దూరంగా చేయాలి. నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటే సరి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి తిరిగొస్తుందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) మీటరైతే లైసెన్సున్నవారు పక్కనుండి సిగ్నల్ ఇవ్వాలి. అతి తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ 145 కంటే కింద కనబడితే కడ్డీ పొడవున్నట్టు. ఒక మెగాహెర్ట్జ్‌కు 3.4 మి.మీ. లెక్క, కానీ లెక్కలో సగమే కత్తిరించి మళ్లీ చూడండి. 1.5 లోపు వస్తే ఆపేయండి. 1.1 కోసం కత్తెర పట్టుకు తిరిగినవాళ్లు చివరికి కొత్త కడ్డీ వేసుకోవడం మామూలే. ఇంకోమాట: నీళ్లు దిగిన కేబుల్ మీద కూడా ఎస్‌డబ్ల్యూఆర్ అద్భుతంగా కనబడుతుంది, తిరిగొచ్చే శక్తినీ కేబులే మింగేస్తుంది గనక. అంకె బాగుండి సిగ్నల్ రాకపోతే కేబుల్‌ను అనుమానించండి.

పైపును కరెంటు తీగల వైపు ఒరిగినా తగలనంత దూరంలో నిలపండి. ఉరుములు వినబడితే కేబుల్ ఊడదీసి బయట పెట్టేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ పోయాయి. అలాంటి రోజున ఈ యాంటెన్నా డాబా మీద విరిగిపడి ఉంటే లాభం లేదు. అందుకే పైపును సిమెంటుతో పూడ్చకుండా రెండు క్లాంపులతో బిగించండి. తుపాను హెచ్చరిక రాగానే దించి, గాలి తగ్గాక షెల్టరు దగ్గర మళ్లీ ఎత్తాలి.

ఐదో పాఠానికి ముందు దించడం, ఎక్కించడం రెండుసార్లు సాధన చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. వచ్చేసారి 12 వోల్టుల బ్యాటరీ లెక్కలు ఆ కాగితం మీదే మొదలుపెడతాం.