ఇత్తడి చెంబు, మూడు ఉల్లిపాయలు: పాత పద్ధతిలో ఆయిల్ పెయింటింగ్

స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల్ని ముందు పెట్టుకుని వేసే బొమ్మ) అనగానే చాలామంది ద్రాక్షపళ్ళు, గాజు కూజా వెతుక్కుంటారు, అవేం అక్కర్లేదండి, వంటింట్లో ఉన్న ఇత్తడి చెంబు, మూడు ఎర్ర ఉల్లిపాయలు, ఓ ముతక తువ్వాలు చాలు. ఫ్రాన్స్‌లో షార్దాఁ (1699–1779) అనే చిత్రకారుడు రాగి గిన్నెలు, ఉల్లిపాయలు, గుడ్లు ఇలాంటివే ఎంతో ప్రేమగా వేశాడు, కుళాయి ఉన్న రాగి నీళ్ళబాన బొమ్మ ఇప్పటికీ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

చెంబుని మాత్రం ఆరోజే చింతపండు పెట్టి తోమకండి, అద్దంలా మెరిసిపోతే మొదటిసారి వేసేవాళ్ళకి చాలా కష్టం, తోమి ఓ వారం వదిలేస్తే మెరుపు మెత్తబడుతుంది. వెలుగు ఒక్క కిటికీ నుంచే రావాలి, ట్యూబ్‌లైట్ ఆపెయ్యండి. ఉత్తరం కిటికీ అయితే మంచిది, ఎండ నేరుగా పడదు కాబట్టి నీడలు గంటగంటకీ జరిగిపోవు, కానీ మే, జూన్, జులైల్లో మన దగ్గర సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కదా, అప్పుడు కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టుకోండి.

కాన్వాస్ తెల్లగా ఉంటే ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుంది, అందుకని రా అంబర్‌ అనే ముదురు గోధుమరంగుని టర్పెంటైన్‌లో (ఆయిల్ రంగుల్ని పల్చన చేసే ద్రవం) పల్చగా కలిపి పూసి గుడ్డతో తుడిచెయ్యండి, మర్నాడు దానిమీద డ్రాయింగ్. చెంబుకి ముందు మధ్యలో నిలువు గీత గీసుకుంటే రెండు పక్కలా సమానంగా వస్తుంది. ఎక్కువమంది తప్పు చేసేది అడుగు దగ్గర, నేలమీద ఆనింది కదా అని తిన్నగా గీత గీసేస్తారు, నిజానికి కంటి ఎత్తు నుంచి కిందికి పోయేకొద్దీ వంపు పెరుగుతుంది, అంటే అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువ ఉండాలి.

ఇక అసలు పని. రంగుల జోలికి వెళ్ళకుండా రా అంబర్, టైటానియం వైట్ ఈ రెండిటితోనే మొత్తం బొమ్మ వేసెయ్యాలి, దీన్నే గ్రిజాయ్ అంటారు. కళ్ళు సగం మూసి చూడండి, చిన్న చిన్న వివరాలు పోయి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి, ఆ రెండూ ఇక్కడ కుదరకపోతే తర్వాత ఎంత ఖరీదైన రంగు పూసినా చెంబు గుండ్రంగా రాదు, నా అనుభవంలో సగం పైన టైమ్ దీనికే ఇవ్వాలి. వేలికి అంటకుండా ఆరేదాకా ఆగండి, వానాకాలంలో నాకు పది రోజులు కూడా పట్టింది.

ఆరాక రంగు. ఇత్తడి అంటే పసుపు అనుకుని పసుపు ట్యూబు పూసేస్తే ప్లాస్టిక్ చెంబు అయిపోతుంది. చెంబు ఒంటికి ఎల్లో ఓకర్‌లో (మట్టి పసుపు) కొంచెం రా అంబర్, నీడకి రా అంబర్‌లో చిటికెడు అల్ట్రామెరైన్ బ్లూ, పక్కనున్న ఉల్లిపాయ ఎరుపు చెంబు పొట్టమీద ఎక్కడ పడుతోందో చూసి అక్కడ పెట్టండి, ఆ ఒక్క మరకతోనే లోహం అనిపిస్తుంది. ఉల్లిపాయలకి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుని లిన్సీడ్ ఆయిల్‌లో పల్చగా కలిపి కింది గ్రిజాయ్ పొర కనిపించేలా పూత వెయ్యాలి, ఇదే గ్లేజింగ్, బ్రష్ వేరు నుంచి కాడ వైపు పొర ఎటు పోతే అటే పోవాలి. చెంబుమీద తళుక్కుమనే తెల్ల చుక్క అన్నిటికంటే ఆఖర్న, మందంగా, ఒక్కసారి పెట్టి బ్రష్ తీసెయ్యండి, మళ్ళీ దిద్దకండి.

నూనె విషయంలో ఒక్కటే రూలు, కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ నూనె ఎక్కువ. నూనె పొర చాలా నెమ్మదిగా ఆరుతుంది, దానిమీద త్వరగా ఆరే పొర వేస్తే పైది పగుళ్ళిస్తుంది. లిన్సీడ్ ఆయిల్ అంటే అవిసె నూనే, అది గాలిలో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది, కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అలా గట్టిపడవు, దయచేసి అవి కలపకండి. అన్నట్టు ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, లోపల వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి లేదా నీళ్ళలో ముంచెయ్యండి. వార్నిష్‌కి (ఆఖర్న బొమ్మమీద వేసే రక్షణ పూత) మాత్రం కనీసం ఆరు నెలలు ఆగాలి, అప్పటిదాకా బొమ్మని గోడకి తిప్పి పెట్టకుండా దుమ్ము పడని చోట వెలుతురులోనే ఉంచండి, చీకట్లో ఉంచితే అవిసె నూనె పసుపెక్కుతుంది.