కుండీలో కుక్కగొడుగులు లేచాయా? ముందు మట్టిలో తడి చూడండి

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాయో లేదో, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు మొదలవుతాయి. మనీ ప్లాంట్ మొదట్లో పసుపు గొడుగులు, కింద "ఇవేంటండీ, మొక్క చచ్చిపోతుందా?" అని టెన్షన్. చావదు. పక్కింటి పిన్నిగారైతే అరెకా పామ్ కుండీని తీసుకెళ్లి లిఫ్ట్ పక్కన పెట్టేశారు, ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకుపోతారని. నేనే మళ్లీ లోపల పెట్టించాను.

సమస్య: మొక్క బాగానే ఉంది, మట్టిలో పసుపు గొడుగులు

నిమ్మపండు రంగు, బొటనవేలంత ఎత్తు. తల మీద వేలు ఆనిస్తే పసుపు పొడి అంటుకుంటుంది. దీని శాస్త్రీయ నామం ల్యూకోకోప్రినస్ బిర్న్‌బామీ. ముడుచుకుని లేచి, గొడుగులా విచ్చుకుని, ఒకటి రెండు రోజుల్లో వాడి వాలిపోతుంది. పశువుల ఎరువు ఎక్కువ వేసిన కుండీల్లో బూడిద రంగు సన్న గొడుగులు కూడా లేస్తాయి. వాటిలో కొన్ని మధ్యాహ్నానికల్లా నల్ల సిరాలా కరిగిపోతాయి.

కారణం చాలావరకు నర్సరీ మిక్స్‌లోనే ఉంటుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, వీటితోపాటే శిలీంధ్రం కూడా ఇంటికొస్తుంది. దాని తెల్లటి దారాలు మట్టిలో కుళ్లుతున్న పీచును తిని బతుకుతాయి, బతికున్న వేళ్ల జోలికి రావు. మనకు కనిపించే గొడుగు దాని కాయ అనుకోండి, అసలు చెట్టు మట్టిలో ఉంది. అందుకే పైన పసుపో దాల్చినచెక్క పొడో చల్లినా, ఫంగిసైడ్ (శిలీంధ్రాల మందు) కొట్టినా నాలుగు రోజులకు మళ్లీ లేస్తుంది. వంటసోడా మాత్రం అసలు వద్దు, అందులోని సోడియం మొక్కకే చేటు.

గొడుగు విచ్చుకోకముందే మొదలు పట్టుకుని మెల్లగా లాగి, కవర్లో కట్టి చెత్తలో వేయండి. తర్వాత నీళ్ల సంగతి చూడండి. మన హైదరాబాద్‌లో జరిగేది ఏంటంటే, ఏప్రిల్, మే ఎండలకు రోజూ నీళ్లు పోసిన చెయ్యి జులైలో కూడా అలాగే పోస్తుంది. గాల్లో తేమ పెరిగింది, ఎండ తగ్గింది, చెంబు మాత్రం తగ్గలేదు. ఒక చీపురుపుల్లను కుండీలో లోతుగా గుచ్చి తీయండి. తడిమట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా వస్తేనే పోయండి.

మట్టి మొత్తం మార్చడం నా లెక్కలో దండగ పని. కొత్త మిక్స్‌లోనూ అదే ఉండొచ్చు.

సమస్య: గొడుగులతో పాటు ఆకులు పసుపు రంగులోకి మారుతున్నాయి, నల్లటి చిన్న ఈగలు ఎగురుతున్నాయి

ఆకులు పసుపు రంగులోకి మారడానికి గొడుగులు కారణం కాదు. నీళ్లు ఎక్కువై మొక్క ఇబ్బంది పడుతోంది, అదే తడి చూసి గొడుగులూ ఈగలూ చేరాయి. కింది ప్లేటులో నీళ్లు నిలిచాయేమో, అందం కోసం పెట్టిన బయటి కుండీకి చిల్లు లేదేమో చూడండి. అయినా తేరుకోకపోతే మొక్కను బయటికి తీయండి. గోధుమ రంగులో మెత్తగా, వాసన వేస్తున్న వేళ్లను కత్తిరించి, నీరు బాగా దిగే మిక్స్‌లో తిరిగి నాటండి. మట్టి మార్చాల్సింది ఈ ఒక్క సందర్భంలోనే.

సమస్య: పోసిన నీళ్లు ఇంకకుండా పక్కల నుంచి జారిపోతున్నాయి

తెల్ల దారాలు చాపలా అల్లుకుపోయి ఉండొచ్చు, లేదా కోకోపీట్ పూర్తిగా ఎండిపోయి ఉండొచ్చు. రెండింటికీ ఒకటే మందు: పుల్లతో అక్కడక్కడా గుచ్చి, కుండీని అరగంట నీళ్ల బకెట్‌లో ఉంచి, బయటికి తీసి నీరంతా కారనివ్వండి.

సమస్య: పిల్లలో కుక్కపిల్లో నోట్లో పెట్టుకున్నారు

ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. తింటే మాత్రం కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నోట్లో మిగిలింది తీసేయండి, బలవంతంగా వాంతి చేయించొద్దు. ఆ గొడుగు ముక్కను కాగితంలో చుట్టుకుని పిల్లలనైతే ఆసుపత్రికి, కుక్కపిల్లనైతే పశువుల డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి. ముక్క దొరక్కపోతే కుండీలో మిగిలిన వాటిని ఫొటో తీసుకుని బయల్దేరండి.